రుద్రసేనుడి చెల్లెలు

బుచ్చిరెడ్డిపాలెం,
18-2-1959

శేషమ్మకు మీ అన్న పద్మనాభయ్య రాసేది.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, నేనొక్కణ్ణే బాగాలేను. మొలగొలుకుల వరి కోసి వామి వేసినాము. గేదె ఈనింది, పెయ్యదూడ. ఇవన్నీ సంతోషించాల్సిన సంగతులే. అయినా నాకు అన్నం సహించడం లేదు. కారణం ఆ అల్లూరు జయరామయ్య.

ఈ ఏడు కూడా కాంట్రాక్టరు ‘హేమవల్లి’ నాటకమే ఊరూరా ఆడిస్తున్నాడు. చిన్నప్పుడు నాన్న మనకు చదివి వినిపించిన పాత నాటకమే. నేను రుద్రసేన మహారాజును, వాడు నా పగవాడి కొడుకు విజయపాలుడు. నా చెల్లెలు హేమవల్లి వాణ్ణి ప్రేమిస్తుంది, నేను వాణ్ణి పొడుస్తాను, అది విషం తాగుతుంది. పన్నెండేళ్ళుగా పొడుస్తూనే ఉన్నాను, వాడు మాత్రం చావడు! కింద పడి చావు పద్యం ఎత్తుకుంటాడా, జనం ‘వన్స్ మోర్’ అంటారా, టక్కున లేచి బట్టలకంటిన ఇసక దులుపుకుంటాడు. మళ్ళీ పొడవాల, మళ్ళీ పడి పాడతాడు. కోవూరులో నాలుగుసార్లు లేచినాడు. నా భుజం పట్టేసింది.

మనిషా వాడు! వేషాల గదిలో వాడి పక్కన కూర్చోలేను. పచ్చి ఉల్లిగడ్డలు నమిలి వచ్చి హేమవల్లికి ప్రేమ మాటలు చెబుతాడు. ఆ వేషం కట్టే దావీదు కంపు భరించలేక మొహం తిప్పుకుంటే, అదేదో సిగ్గనుకొని జనం చప్పట్లు. మొన్న నా కిరీటం పెట్టెలో తమలపాకు ఉమ్మినాడు. అడిగితే “చీకట్లో కనపడలేదబ్బా, ఏమనుకోబాకు” అన్నాడు. ఛీ!

ఇంతకీ నీతో పనేమంటే, మూడో అంకంలో మా ఇద్దరికీ వాదం సీను ఉంది. ఆ సీనుకు పుస్తకం అక్కరలేదు, ఎవరి పద్యాలు వాళ్ళు తెచ్చుకోవచ్చు. ఎదుటివాడి నోరు మూయించినవాడిదే ఆ రాత్రి. నాన్న గొంతు నాకొచ్చింది, నాన్న చదువు నీకొచ్చింది. నాలుగు పద్యాలు రాసి పంపు. ద్వేషం కక్కాల. వింటా ఉంటే వాడికి చెమట పట్టాల. ఆడదాని పద్యాలని తెలిస్తే నా పరువు పోతుంది కాబట్టి ఎవరికీ చెప్పబాకు.

మీ అత్తగారిని అడిగినానని చెప్పు.

పద్మనాభయ్య

*

నాయుడుపేట,
27-2-1959

అన్నకు శేషమ్మ దండాలు.

అడిగినావని మా అత్తకు చెప్పినాను. “ఎందుకడిగినాడంట?” అంది చెంచమ్మగారు. ఆమె సంగతి నీకు తెలుసు గదా. పొద్దున్నే నా మొహం చూస్తే ఆ రోజు అన్నం పుట్టదని ఆమె నమ్మకం. అందుకని ఆమె కళ్ళు తెరవక ముందే నేను కొట్టంలోకి పోవాలి. కానీ ఆమె ఉమ్మిన తొట్టి కడగడానికి మాత్రం ఈ చేతులు పనికొస్తాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఆరేళ్ళుగా ఆ తొట్టే. దాని వాసన అన్నం ముద్దలో కూడా వస్తుంది.

పద్యాలు ఈ కవరులో పెట్టడం లేదు. మీ మేళంలో హార్మోనియం వాయించే చోటే సాహెబు చెల్లెలు బడేబీ ఉందే, బొంతలు కుట్టే ఆమె, మా ఎదురిల్లే. ఆమె చేతికిచ్చినాను. సాహెబు తెచ్చి ఇస్తాడు.

నువ్వు ద్వేషం కావాలన్నావు. మూడు పద్యాల నిండా పోసినాను. నాలుగోది మాత్రం నా ఇష్టానికి రాసినాను, కోప్పడకు. రుద్రసేనుడికి అంత ద్వేషం ఎందుకో ఎప్పుడైనా ఆలోచించినావా? తండ్రిని చంపినవాడి కొడుకని పుస్తకంలో ఉంది. అది సాలదు. చంకనేసుకొని తిప్పిన చెల్లెలు ఈరోజు ఇంకొకడి పేరు విని నవ్వుతుందే, అది వాడు ఓర్చుకోలేడు. ప్రేమ లేనిచోట అంత ద్వేషం ఎట్లా పుడుతుందన్నా? ఊరికే పుట్టేది చిరాకు. నీకు జయరామయ్య మీద ఉండేది చిరాకే. వాడితో నీకు ఉల్లిగడ్డల తగాదా తప్ప ఏముంది?

అందుకే నాలుగో పద్యంలో రుద్రసేనుడు కత్తి దించి తనను తానే అడుగుతాడు:

చెల్లి కన్నీటి చుక్కకే చెమ్మగిల్లు
గుండె రాయిగా మార్చిన కుటిలమేది

ఇది నెమ్మదిగా పాడు. అరవకు. నువ్వు అరిస్తే గొంతులో బొంగురు వినపడుతుందని నాన్న అనేవాడు.

పిచ్చమ్మ వదినను, పెయ్యదూడను అడిగినానని చెప్పు.

శేషమ్మ

*

బుచ్చిరెడ్డిపాలెం,
22-4-1959

శేషమ్మకు అన్న ఆశీస్సులు.

ముందు మంచి సంగతి. నీ పద్యాలు మూడూ మన ఊళ్ళోనే దింపినాను. జయరామయ్య నోరు తెరిచినాడు, మాట రాలేదు! చోటే సాహెబు శృతి పట్టుకొని అట్లనే కూర్చున్నాడు, పాపం, ఎంతసేపని పట్టుకుంటాడు. వెండి కప్పు ఇచ్చినారు. ఎవరు రాసినారయ్యా అని అందరూ అడిగినారు. నోట్లోంచి వచ్చేసినాయి అన్నాను.

నాలుగోది పాడలేదు. మహారాజు ఏడిస్తే జనం నవ్వుతారే పిచ్చిదానా. ఏడవడానికి దావీదు ఉండాడు గదా.

ఇప్పుడు చెడ్డ సంగతి. నెల తిరక్కుండానే ఇసకపల్లిలో ఆట పడింది. ఉప్పు కొటార్ల పక్కన పందిరి, సముద్రం గాలికి పెట్రోమాక్సు లైట్లు ఊగి చస్తున్నాయి. నోటినిండా ఉప్పు. అదే మూడు పద్యాలు దింపినాను. వాడు తడబడలేదు. నవ్వినాడు. నవ్వి, నన్ను నువ్వు చంపు రాజా, కానీ నీ చెల్లెలి కళ్ళలో నేనున్నాను, ఆ కళ్ళను ఏ కత్తితో పొడుస్తావు, అని అర్థం వచ్చే పద్యం ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు పమిటలు నోట్లో కుక్కుకొని ఏడ్చినారు. నన్ను చూసి ఒక ముసలామె “నీ చెయ్యి పడిపోను” అని శాపనార్థాలు పెట్టింది. నా మీదికి ఎవడో ఎండుచేప విసిరినాడు. కిరీటంలో పడింది శేషమ్మా. ఇంటికొచ్చి రెండుసార్లు తలకు పోసుకున్నా ఆ కంపు పోలేదు.

వాడికంత తెలివెక్కడిది? ఎవడో నెల్లూరు పంతుల్ని పట్టినాడు. ఆ పంతులుకు జవాబు రాయాల నువ్వు. ఈసారి కరుణా జాలీ వద్దు.

పద్మనాభయ్య

*

నాయుడుపేట,
4-5-1959

అన్నకు దండాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. ఎండుచేప దగ్గర నవ్వొచ్చింది, క్షమించు.

ఆడవాళ్ళు ఏడ్చినారని రాసినావే, ఎంతమంది? ముందు వరసవాళ్ళేనా, వెనకాల కూర్చున్నవాళ్ళు కూడానా? జయరామయ్య ఆ పద్యం ఏ రాగంలో ఎత్తుకున్నాడు? ‘కళ్ళు’ అన్నచోట ఆగినాడా, ఒక్క గుక్కలో పాడేసినాడా? అన్నీ వివరంగా రాయి. నాకు నాటకం చూసే రాత లేదు, వినే రాతైనా ఉండనీ.

నువ్వడిగిన జవాబు బడేబీకిచ్చినాను. పదునుగానే ఉంటుంది.

ఇంకొక మాట. నాకు ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు. నిన్న మా అత్త తమ్ముడు వచ్చినాడు. నేను మంచినీళ్ళిస్తే చెంబు అందుకుంటూ వేళ్ళు నొక్కినాడు. ఆ చెయ్యి మూడుసార్లు తోముకున్నాను. అత్తతో చెబితే “నీ చెయ్యే చాచి ఉంటావు” అంది. వీళ్ళ మొహాలు చూస్తే వాంతి వస్తోంది. అయితే నాకిప్పుడు ఒక దోవ కనపడుతోంది. దానికి నువ్వు ఒప్పుకోవాల. నువ్వు కాదంటే నాకు ఇంకెవరూ లేరు. వివరంగా తర్వాత రాస్తాను, ధైర్యం వచ్చినాక.

శేషమ్మ

*

బుచ్చిరెడ్డిపాలెం,
20-5-1959

శేషమ్మకు,

ఇసకపల్లి సంగతులు అన్ని అడిగినావంటే వాడి బలం ఎంతో కనుక్కోవడానికని నాకు తెలుసులే. నా చెల్లెలివి అనిపించుకున్నావు. వాడు ‘కళ్ళు’ అన్నచోట ఆగినాడు. ఆగి, ఆడవాళ్ళ వైపు చూసినాడు, చవట. రాగం మోహన. ఇంతకంటే వాడి గురించి రాయడానికి నా కలం రాదు.

నీ దోవ సంగతి అర్థమయింది. దాచుకోవడం ఎందుకు, మా ఇంటికొచ్చి ఉండాలని నీకుంది. నాకేం అభ్యంతరం లేదు శేషమ్మా. మీ వదిన పిచ్చమ్మే ఒప్పుకోదు. ఆమెను నీకు తెలుసు గదా, పొద్దున లేస్తే శకునాలు. “ఏడాదికొకసారి వచ్చి పది రోజులుంటే ఎవురొద్దన్నారు, వచ్చి కూసుంటే ఎట్టా?” అంటుంది. నువ్వు మంచి మనసుతో అర్థం చేసుకుంటావు. మీ అత్తగారి తమ్ముడు పెద్దవాడు, పొరపాటున తగిలి ఉంటుంది. ఎక్కువ పట్టించుకోబాకు.

నీ జవాబు పద్యం బాగుంది. కానీ వాడి పంతులు దానికీ జవాబు రాసినాడు. నాకు నిద్ర పట్టడం లేదు. వానలు మొదలయ్యేలోపు ఇంకో నాలుగు పంపు. వచ్చే ఏడాదికి పది కావాల.

పద్మనాభయ్య

*

నాయుడుపేట,
3-3-1960

అన్నా,

తలుపేసుకొని ఈ ఉత్తరం చదువు.

నేనడిగింది మీ ఇంట్లో చోటు కాదు. ఆ రోజే రాయాల్సింది, భయపడినాను. ఇప్పుడు రాస్తున్నాను. ఇసకపల్లిలో నిన్ను ఓడించిన నెల్లూరు పంతులు ఎవరో కాదు, నేనే.

నీ చేతిలో ఓడిపోయిన రోజు జయరామయ్య చోటే సాహెబును పట్టుకొని అడిగినాడంట. సాహెబు అబద్ధం చెప్పలేడు. వారం తర్వాత బడేబీ బొంతలో పెట్టి ఒక చీటీ తెచ్చింది. “నన్ను ఓడించిన తల్లికి నమస్కారం. మీకు వీలైతే నా తరఫున కూడా రాసిపెడతారా?” అని. ఆరేళ్ళలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదన్నా. నీళ్ళు అడిగినారు, పాచిపని అడిగినారు. ఇది అడగలేదు.

రాసినాను. ఏడాదిగా రాస్తున్నాను. ఒక పూట నీ ద్వేషం రాసి, ఇంకో పూట అతని ప్రేమ రాసినాను. రెండూ నా గుండెలోంచే వచ్చినాయి, ఏది ఎక్కువో నాకే తెలియదు. పొద్దున తొట్టి కడుగుతూ నీ మాటలు కట్టేదాన్ని. అతని మాటలు కట్టడానికి బావి దగ్గరికి పోయేదాన్ని. మోసం చేసినానని అనుకోకు. నువ్వు ఓడిపోయిన రోజు నేనూ ఏడ్చినాను.

పద్యాల వెనకాల చీటీలు వచ్చినాయి, చీటీల వెనకాల ఉత్తరాలు. అతని భార్య పోయి నాలుగేళ్ళు. నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. నెల్లూరులో రిజిస్టరు పెళ్ళి. ఉల్లిగడ్డలు తింటాడని రాసినావు, తిననీ. నాకు ముప్ఫై ఏళ్ళు. ఇంకో ముప్ఫై ఏళ్ళు ఈ తొట్టి కడగలేను.

నాన్న లేడు. నువ్వు పక్కన నిలబడి సంతకం పెట్టాల. నీకు కోపం వస్తుంది. వస్తే నన్ను తిట్టు. వచ్చి కొట్టు. వద్దంటే వద్దని రాయి, ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను. ఈ సంగతి ఇంకెవరికీ తెలియనీయకు. నేనడిగేది అదొక్కటే.

నీ చెల్లెలు
శేషమ్మ

*

నాయుడుపేట,
29-3-1960

పద్మనాభయ్యకు,

క్షేమం అడగడం లేదు. నీ క్షేమానికేం లోటు.

నిన్న చోటే సాహెబు హార్మోనియం నెత్తిన పెట్టుకొని వచ్చి ఎదురింట్లో దించినాడు. ఇక ఆ మేళంలో వాయించనన్నాడు. బడేబీ ఎన్నిసార్లు అడిగినా చెప్పడు. నేను గడప దగ్గర నిలబడితే ఆ పెద్దమనిషి తల దించుకున్నాడు. “అమ్మా, మీ అన్న స్టేజీ మీద మీ జాబు చదివినాడమ్మా” అన్నాడు.

ఏ జాబు అని అడిగినాను. నిజంగానే నాకు అర్థం కాలేదు. రుద్రసేనుడికి ఎవరో రాసిన జాబేమో, కొత్త సీను పెట్టినారేమో అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

మన ఊరి ఆటలో, మూడో అంకంలో జయరామయ్య పద్యం ఎత్తుకోగానే నువ్వు చెయ్యి చాచి ఆపినావంట. నడికట్టులోంచి నా ఉత్తరం తీసి, “ఈ ప్రేమ నీ సొంతమనుకున్నావా? నాయుడుపేటలో మొగుణ్ణి మింగి కూర్చున్న నా చెల్లెలు వెంకటశేషమ్మ రాసిచ్చిన ముష్టి ఇది! సభవారు వినండి!” అని మొదటినుంచి చివరిదాకా చదివినావంట. తలుపేసుకో అన్నదాంతో సహా. తొట్టి దగ్గర నవ్వినారంట. ఉల్లిగడ్డల దగ్గర విరగబడి నవ్వినారంట. అందరూ మన ఊరివాళ్ళే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్నవాళ్ళే.

అయినాక ‘వన్స్ మోర్’ అన్నారంట. నువ్వు మళ్ళీ చదివినావంట. రెండోసారి రాగం కట్టినావంట. సాహెబు హార్మోనియం తిత్తి మూసేస్తే శృతి లేకుండానే పాడినావంట.

ఒక్కసారి చదివి ఉంటే కోపమనుకొని ఊరుకుందును. మా అన్నకు కళ్ళు కనపడనంత కోపం వచ్చింది, పోనీలే, అని ఏడ్చి నోరు మూసుకుందును. రెండోసారి నీకేమొచ్చింది? కోపం రాగంలో వస్తుందా? నువ్వు నన్ను ద్వేషించినావని చెప్పు, నమ్ముతాను, దానికీ ఒక మర్యాద ఉంది. చప్పట్ల కోసం చెల్లెల్ని చదివినవాణ్ణి ఏమనాలో నాన్న నేర్పించిన మాటల్లో లేదు.

జయరామయ్య ఏం చేసినాడని అడిగినాను. సాహెబు ఇంకా సిగ్గుపడినాడు. కాగితం లాక్కుంటాడనుకున్నాను. తెర వేయిస్తాడనుకున్నాను. స్టేజీ దిగి పోయినా సంతోషించేదాన్ని. గుండెమీద చెయ్యి పెట్టుకొని, రెండడుగులు ముందుకొచ్చి, నేను రాసిన ప్రేమ పద్యమే పాడినాడంట. అంతకు ముందెప్పుడూ అంత బాగా పాడలేదంట. అతనికీ వన్స్ మోర్ వచ్చిందంట.

థూ!

ఈ పొద్దున మా అత్తకు తెలిసింది. నా చాపా చెంబూ వీధిలో వేసింది. బడేబీ వచ్చి నా చెయ్యి పట్టుకొని వాళ్ళింట్లోకి తీసుకుపోయింది. ఇప్పుడు అక్కడినుంచే రాస్తున్నాను. ఈ రాత్రికి బొంతల మధ్యే పడుకోవాల. నా మీద నాకే రోతగా ఉంది, మీ ఇద్దరి నోళ్ళలో పెట్టడానికి ఇన్నాళ్ళూ మాటలు వండినందుకు.

వెంకటశేషమ్మ

*

బుచ్చిరెడ్డిపాలెం,
12-4-1960

శేషమ్మకు,

పేరు పెట్టి రాసినావు, అన్నా అనలేదు. చాలా బాధపడినాను. కోపం తగ్గినాక నువ్వే ఆలోచించు. స్టేజీ ఎక్కినాక నేను పద్మనాభయ్యను కాదు. రుద్రసేన మహారాజును. ఆ మాటలు మహారాజు అన్నవి. కిరీటం దించినాక నేను నిన్ను ఒక్క మాట అన్నానా? మీ వదినతో కూడా అనలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే “నాటకం అబ్బా, నాటకం” అని సర్దేస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజు నాకు ఒళ్ళు తెలియలేదు, అది నిజం. నా చెల్లెలు నా వెనకాల నా శత్రువుకు పద్యాలు మోసిందంటే ఏ అన్నకు ఉండదు? ఆ రాత్రి ఆ కాగితం తీసింది కోపంతోనే. అయితే జనం ఊరుకోరు శేషమ్మా, నీకు స్టేజీ సంగతి తెలియదు. అంతమంది ఒక్క గొంతుతో అడుగుతా ఉంటే మనిషి కాళ్ళు భూమ్మీద ఉండవు.

జరిగిందేదో జరిగింది, మంచే జరిగింది. కాంట్రాక్టరుకు ఆ సీను తెగ నచ్చింది. ‘ఉత్తరం సీను ఉందా?’ అని అడిగి మరీ పిలుస్తున్నారు. కొత్త హార్మోనిస్టును పెట్టినాము. జయరామయ్యకూ నాకూ మాటలు కలిసినాయి! పదమూడేళ్ళ తర్వాత! ఇప్పుడు ఇద్దరం ఒకే బండిలో పోతున్నాము, ఒకే పొట్లంలో తమలపాకులు. ఉల్లిగడ్డ వాసన కూడా అలవాటైపోయింది. మంచివాడే. నిన్ను గురించి గౌరవంగా మాట్లాడతాడు.

ఒక చిన్న సాయం. వచనంలో చదివితే సీను కొంచెం సాగుతోంది. అదే ఉత్తరాన్ని నువ్వు నాలుగు సీసపద్యాల్లో పెట్టి ఇస్తే ఎట్లా ఉంటుందంటావు? ఉల్లిగడ్డల ముక్క మాత్రం తీసేయబాకు. నీ కాగితం మడతల దగ్గర చిరిగింది, వేరే కాపీ రాయించుకున్నాను.

పిచ్చమ్మ నిన్ను అడిగినానని చెప్పమంది.

మీ అన్న
పద్మనాభయ్య

*

బుచ్చిరెడ్డిపాలెం,
17-2-1961

చెల్లెలు శేషమ్మకు,

పది నెలలు నాకు జవాబు లేదు. నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేరినావని సాహెబు ద్వారా తెలిసింది. సంతోషించినాను. నాన్నకు నిన్ను టీచరు చెయ్యాలనే ఉండేది.

పోయిన వారం అల్లూరులో నిన్ను చూసినాను. ఆడవాళ్ళ వైపు, రెండో వరస, బడేబీ పక్కన. తెల్లచీర కాదు, నీలంచీర. ముందు పోల్చుకోలేదు. నువ్వు తల దించుకోలేదు, పమిట కప్పుకోలేదు. ఊరికే నన్ను చూస్తూ కూర్చున్నావు.

మూడో అంకం వచ్చింది. జయరామయ్య పద్యం ఎత్తుకున్నాడు. నేను చెయ్యి చాచినాను, కాగితం తీసినాను. “నాయుడుపేటలో” అన్నాను. అంతవరకే. తర్వాత మాట రాలేదు. ప్రాంప్టరు నాకు మరుపొచ్చిందనుకొని తెర వెనకనుంచి “వెంకటశేషమ్మ, వెంకటశేషమ్మ” అని అందిస్తున్నాడు. మొదట మెల్లగా, తర్వాత ముందు వరసకు వినపడేటట్టు. జనం ఈలలు వేసినారు. జయరామయ్య పక్కకొచ్చి “కానీరా అబ్బా, ఏందిది” అన్నాడు. నేను కిరీటం తీసి కిందపెట్టి లోపలికి పోయినాను. ఆ రాత్రి ఆట అక్కడితో ఆగిపోయింది. కాంట్రాక్టరు నన్ను అన్న మాటలు రాయలేను.

శేషమ్మా, నీ పేరు నా నోట రాలేదు. ఎందుకు రాలేదో వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. చంకనేసుకొని తిప్పిన చెల్లెలివి. ఎంత లేదన్నా రక్తం అడ్డం పడింది. నీ మీద నాకుండే ప్రేమే నా గొంతు పట్టుకుంది, ఇంకేముంది? అది నీకు అర్థమవ్వాలనే రాస్తున్నాను. ఒకసారి ఇంటికి రా. పిచ్చమ్మను నేను చూసుకుంటాను.

మీ అన్న
పద్మనాభయ్య

*

నెల్లూరు,
26-2-1961

పద్మనాభయ్యకు,

అల్లూరు నేను ఏడవడానికి రాలేదు, నిన్ను ఆపడానికీ రాలేదు. నా పేరు నీ నోట్లో ఎట్లా ఉంటుందో ఒక్కసారి నా చెవులతో వినాలని వచ్చినాను. వినకుండా తలుచుకుంటూ ఉంటే అన్నం తినలేకపోతున్నాను. విని, ఇంతేనా అనుకొని, పోయి నా చదువు చదువుకోవాలనుకున్నాను. అది కూడా దక్కనీయలేదు నువ్వు.

జయరామయ్య నెల రోజుల కిందట ఇక్కడికి వచ్చినాడు. హాస్టలు గేటు దగ్గర కమలాపండ్ల బుట్టతో నిలబడినాడు. “ఊరూరా మీ పేరే చెప్పుకుంటున్నారండీ, మన పెళ్ళికి కూడా జనం బాగా వస్తారు” అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పండ్లు తీసుకుపొమ్మని చెప్పి లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఆ చేతులతో అతనికి ఏమేం రాసినానో గుర్తుకొచ్చి ఇంకోసారి కడుక్కున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరం. నా పేరు నోట రాలేదని రాసినావు. ప్రేమ అడ్డం పడిందని రాసినావు. నీకు పుణ్యముంటుంది, ఆ మాట నాకు చెప్పకు. చోటే సాహెబు మేళం మానేసినా ఆ మేళం ఎక్కడెక్కడికి పోయిందో అడిగి తెలుసుకుంటూనే ఉన్నాడు. పోయిన ఏడు వానల దాకా ఎనిమిది ఊళ్ళు. ఈ ఏడు అల్లూరుకు ముందు మూడు. పేర్లు కూడా చెప్పినాడు. ఆ రోజుల్లో నేను బొంతల మధ్య పడుకొని ఉన్నాను, నెల్లూరు బస్సుకు నడిచి పోతున్నాను, ఇక్కడ నా ఈడుకు సగం పిల్లల పక్కన బెంచీ మీద కూర్చొని గుణింతం ఎట్లా చెప్పాలో నేర్చుకుంటున్నాను. ఆ పేరు నాది అప్పుడు కూడా. ఆ చెల్లెలు నీది అప్పుడు కూడా.

అల్లూరులో నీకు అడ్డం పడింది నేను. ఎదురుగా కూర్చున్నాను, నన్ను చూసినావు, సిగ్గేసింది. అంతే. దానికి ప్రేమ అని పేరు పెట్టి నాకే పంపుతున్నావు.

నేను లేని పదకొండు ఊళ్ళలో నీ గొంతు బాగానే పలికింది.

వెంకటశేషమ్మ